సెలూను సుఖము, డెక్కు దుఃఖము

గత శతాబ్దారంభమున సముద్రములపై తిరిగిన మహానౌకల చిత్రములను పత్రికలు నేటికిని ముచ్చటగా ప్రచురించుచున్నవి. చెక్కడపుఁబని మెట్లును, ఈతకొలనులును, తురుష్క స్నానశాలలును చూచి చదువరు లబ్బురపడుచున్నారు. మే మబ్బురపడము. అన్నిటికంటె తక్కువ టిక్కెట్టు కొన్నవాని స్థితినిబట్టియే ఓడ గౌరవమును నిర్ణయింపవలెనని మా వాదము.

1912 ఏప్రిలులో మునిగిన టైటానిక్కును చూడుఁడు. మూడవ తరగతివారు సుమారు 700 మందికి స్నానపుతొట్లు రెండే! ఆ రాత్రి మొదటి తరగతివారిలో నూటికి 60 మందికిపైగా బ్రతికిరి. మూడవ తరగతివారిలో నూటికి సుమారు 25 మంది. టిక్కెట్టు వెలయే ప్రాణము వెల యయ్యెను.

అది పరదేశపు మాట యందురా? కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణముల నుండి బర్మాకుఁ బోయిన స్టీమర్లను స్మరింపుఁడు. సెలూను దొరలకు, డెక్కు మన కూలివారికి. చాప పరచినంత మేరయే వారి యిల్లు. ఎండయు, వానయు, ఉప్పునీటి తుంపరయు వారి భాగ్యము. "రంగము పోయినాఁడు" అని యింటింటఁ జెప్పుకొన్న ఆ మనుష్యులే రంగూను రేవులో బస్తాలు మోసిరి, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిరి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో పదిలక్షలకుపైగా భారతీయు లుండిరి. 1942లో జపాను సేనలు రాఁగా, ఓడలలోఁ జోటు దొరకక లక్షలకొలఁది మనవారు కొండలును అడవులును కాలినడకను దాటిరి. వేలమంది త్రోవలోనే కూలిరి.

ఓడ డెక్కులకు టేకుపలక శ్రేష్ఠము. టేకు పేరునే ఊరిపేరుగా ధరించిన టేకులపల్లివారికి ఆ కఱ్ఱ విలువ వేఱుగఁ జెప్పవలెనా? గోదావరి యడవుల టేకు తెప్పలై సముద్రతీరమునకు దిగెడిది. చెట్టు నఱికినవాఁడును, దుంగ మోసినవాఁడును, డెక్కు పలకపైఁ బండుకొన్నవాఁడును కష్టజీవులే. ఆ పలకపై షికారు చేసినవారి చిత్రములు మాత్రము మిగిలినవి.

సుఖము పాపమా యని కొంద ఱడుగుదురు. పరుల యిఱుకుమీఁదఁ గట్టిన వైశాల్యము పాపమే యని మా ప్రత్యుత్తరము.

2022లో విశాఖ రేవునకు విలాసనౌక వచ్చినది. దానిని చూచి యానందింపవలదని మే మనము. కాని ఆ తీరముననే మూటలతో డెక్కెక్కిన తాతలను మఱవ వలదు. రంగము పోయివచ్చిన కుటుంబములు మన యూళ్లలో నింకను ఉన్నవి. వారి జ్ఞాపకములను, ఉత్తరములను ప్రతి పఠనమందిరమును సేకరించి వ్రాసి యుంచవలెను. సెలూను కథ వ్రాయుటకు వేయిమంది కలరు. డెక్కు కథ మనము వ్రాయకున్న నెవరు వ్రాయుదురు?