అప్పుకు ముద్దుపేర్లు

వినుకొండలో మిరప పండించే మా బంధువుల కుర్రవాడొకడు మొన్న నాకు క్రిప్టో పాఠం చెప్పబూనాడు. వాలెట్టు, స్టాప్ లాస్, లీవరేజి, లిక్విడేషన్ అంటూ ఇరవై మాటలు గడగడా అప్పజెప్పి, "ఈ మాటలు వస్తే ట్రేడింగు వచ్చినట్టే బాబాయ్" అన్నాడు. నా పేచీ అంతా ఆ ముక్కతోనే.

మాటలు నేర్వవద్దని నేననను. తెలుగు చేసుకుని నేర్వమంటాను. లీవరేజి అంటే అప్పు. పదివేలు చేతబట్టుకుని పదింతల లీవరేజితో లక్ష రూపాయల బేరం ఆడితే, ధర నూటికి పది పడేలోపే ఆ పదివేలూ హుళక్కి. దీన్ని వారు లిక్విడేషన్ అంటారు. మన భాషలో జప్తు. 'అప్పు చేయండి, జప్తు చేయించుకోండి' అని పిలిస్తే గడప తొక్కేవాడెవడు?

మిర్చి రైతు మాత్రం అప్పు చేయడా అంటారేమో. చేస్తాడు. గుంటూరు యార్డులో ధర లేనప్పుడు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ సరుకు మీద డబ్బు తెచ్చుకుంటాడు. అందులో మునిగినవారూ ఉన్నారు. అయినా అక్కడ సరుకుంది, గడువు అడగడానికొక మనిషి ఉన్నాడు. ఇక్కడ అర్ధరాత్రి యంత్రం తనంత తానే అమ్మేస్తుంది.

వాలెట్టు అంటే జేబే. కాని ఎక్స్ఛేంజిలో ఉంచిన నాణేల తాళంచెవి ఎక్స్ఛేంజి చేతిలోనే ఉంటుంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో దొంగలపాలైనప్పుడు, తమ జేబు తమది కాదని ఎందరికో తెలిసివచ్చింది.

ఇక పాఠాలవారు చివరికి నెట్టే మాట పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం. ఒక నాణెంలో 20 వేలు వచ్చి, మరొకదానిలో 20 వేలు పోతే మిగిలేది సున్న. అయినా 6 వేలు, ఆపైన సెస్సు కట్టవలసిందే. ఒకదాని నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తీసివేయడానికి చట్టం ఒప్పదు.

"వ్యవసాయం జూదం కాదా?" అన్నాడు వాడు. కావచ్చు నాయనా. ఆ జూదం ఎవరూ ఆడకపోతే లోకానికి కారం ఉండదు. ఈ జూదం నువ్వు మానితే ఎవరి కంచంలో ఏం తగ్గుతుంది?

డబ్బు పెట్టేముందు ఆ ఇరవై మాటలనూ మీ నాన్నకు తెలుగులో చెప్పి రమ్మన్నాను. జాషువా పుట్టిన ఊరివాడికి తెలుగు మాటలకు కరువా? వాడు మాత్రం అప్పు, జప్తు అన్న రెండింటి దగ్గరే నీళ్ళు నములుతున్నాడు.