ఉప్పుగాలిలో పాత థార్... ఆస్తా? అప్పా?

నెల్లూరు: ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో రొయ్యల గుంటల గట్లపై తిరిగే వాహనాల్లో గుడ్డ టాపు జీపులది ప్రత్యేక స్థానం. ఒకప్పుడు అవసరం కోసం కొన్న ఈ బండ్లను ఇప్పుడు కొందరు దాచుకునే వస్తువులుగా చూస్తున్నారు. 'తక్కువ తిరిగింది, ఒకే యజమాని, ముందు ముందు దొరకదు' అన్న మాటతో పాత తరం మహీంద్రా థార్‌కు ధర చెప్పడం అమ్మకందార్లకు అలవాటైంది. ఆ మాటలో నిజమెంత, కోస్తా గ్రామంలో దాన్ని నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చెంత అన్నది కొనేవారు లెక్క వేసుకోవలసిన విషయం.

1947లో విల్లీస్ జీపుల కూర్పుతో మహీంద్రా సంస్థ ఈ రంగంలోకి వచ్చింది. ఆ పాత రూపాన్నే కొత్త ఇంజనుకు తొడిగి 2010లో థార్‌ను విడుదల చేసింది. 2019లో ఆ తరానికి చివరి 700 బండ్లంటూ 'థార్ 700' పేరిట, ఆనంద్ మహీంద్రా సంతకం ముద్రించిన బిళ్లతో, రూ.9.99 లక్షల షోరూం ధరకు అమ్మకానికి పెట్టింది. అరుదైన వస్తువు కావడానికి కావలసిన లక్షణాలు దీనికున్నాయి. సంఖ్య పరిమితం, తరం ముగిసింది, పేరుకు ఆదరణ తగ్గలేదు. 2020లో వచ్చిన రెండో తరంలో మొదటి బండిని సంస్థ వేలం వేయగా రూ.1.11 కోట్లు పలికింది. కొవిడ్ సహాయ నిధుల కోసం జరిగిన వేలం అది. దాన్ని మార్కెట్ ధరగా చూపి బేరమాడడం సబబు కాదు. 2024లో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌కు గుడ్డ టాపు లేదు. మారుతి జిప్సీ కూడా 2019లోనే ఆగిపోయింది.

పాత రూపం, తెరిచే టాపు ఉన్నంత మాత్రాన ధర పెరగదని విదేశీ అనుభవం చెబుతోంది. బీఎండబ్ల్యూ సంస్థ 1950ల నాటి తన కారును తలపించేలా చేసిన జడ్8 మొత్తం 5,703 మాత్రమే తయారైంది. అవి నేడు కొత్తలోని ధర కన్నా ఎక్కువకు చేతులు మారుతున్నాయి. అదే పాత పోకడతో వచ్చిన క్రైస్లర్ పీటీ క్రూజర్ 13 లక్షలకు పైగా తయారైంది. దాని తెరిచే టాపు రకానికి కూడా అంతటి మర్యాద దక్కలేదు. థార్‌లోనూ 700 బండ్ల వరుస వేరు, మామూలు బండి వేరు. సంతకం బిళ్ల చూసి మురిసేవారు ముందుగా ఛాసిస్ నంబరును, తొలి బిల్లును సరిచూసుకోవాలి.

తిరగని బండికీ తుప్పు

మీటరులో అంకె తక్కువగా ఉంటే బండి బాగున్నట్లేనని చాలామంది నమ్మకం. సముద్రతీరంలో ఇది తలకిందులవుతుంది. మైపాడు, కోడూరు వైపు నిలిపి ఉంచిన బండికి ఉప్పుతేమ అడుగు భాగాన, తలుపు కీళ్లలో, గొట్టాల అతుకుల వద్ద చేరుతుంది. నడవని బండికి బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చచ్చుబడుతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి. జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఆ మూడు నెలలు గాలి ఆడని షెడ్డులో మడిచి ఉంచిన గుడ్డ టాపుకు బూజు పట్టక మానదు. ఎలుకలు వైర్లు కొరకడం సరేసరి. పెట్రోలుతో నడిచే జిప్సీకి మరో చిక్కు ఉంది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనం నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేయరాదు. ఈ విషయంలో డీజిలు థార్‌కు కొంత నయం. పైగా దాని విడిభాగాల్లో పలు భాగాలు బొలెరోవే కావడంతో ఊళ్లోని మెకానిక్కుతోనే పని జరుగుతుంది.

రుసుముల లెక్క

50 ఏళ్లు నిండి, అసలు రూపు మారని వాహనాలను 'వింటేజ్'గా గుర్తించేందుకు కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు. ఆ గుర్తింపు పొందిన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోజువారీ ప్రయాణానికి వాడరాదు. 2019 నాటి థార్‌కు ఆ అర్హత 2069లో వస్తుంది. అంతదాకా అది చట్టం దృష్టిలో మామూలు పాత బండే. 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రెన్యూవల్ తప్పదు. రుసుము మొదట రూ.5 వేలు కాగా, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10 వేలు చేశారు. ఈ లెక్కన 2034 నుంచి 2064 వరకు ఏడుసార్లకు సుమారు రూ.65 వేలు. ఫిట్‌నెస్ పరీక్ష ఖర్చు, పన్నులు, బీమా దీనికి అదనం.

బీమాలోనూ మెలిక ఉంది. అయిదేళ్లు దాటిన బండి విలువను బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఏజెంటు వేసిన అంకెకు తలూపితే అపురూపమైన బండి కూడా పాత ఇనుము ధరకే పోతుంది. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు వద్ద రైలుమార్గాన్ని కోసివేసి, కోవూరు ప్రాంతాన్ని ముంచెత్తింది. అటువంటి నీటిలో ఇంజను స్టార్టు చేసి పాడైతే మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు. ఇంజను రక్షణ పేరిట అదనపు ప్రీమియం కట్టి ఉండాలి.

ఈ ప్రాంతంలో మరో ప్రమాదం పండగ ముస్తాబు. పెద్ద టైర్లు, లైట్ల పట్టీలు, కోసిన బంపర్లు, మార్చిన రంగు యజమానికి ముచ్చటే కానీ, దాచుకునేవారి లెక్కలో ప్రతి మార్పూ ధర తగ్గించేదే. తీసిన అసలు భాగాలను అటక మీదైనా భద్రపరచినవారు తెలివైనవారు. సర్వీసు పుస్తకం, రెండో తాళం, తొలి ఇన్‌వాయిస్ లేని చోట మీటరు అంకెను నమ్మలేం, అది మార్చదగినదే.

అసలు చిక్కు అమ్మే రోజున వస్తుంది. ఇక్కడ బండి కొనే సొమ్ము, అమ్మించే కష్టం రెండూ రొయ్యలవే. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాలను 50 శాతానికి పెంచినప్పుడు గుంటల రైతులందరికీ ఒకేసారి గుండె ఝల్లుమంది. అలాంటి ఏడాదిలో మేత బాకీ తీర్చడానికి బండి అమ్మజూపితే, చుట్టుపక్కల కొనగలిగినవారూ అదే ఇబ్బందిలో ఉంటారు. మంచి ధర ఇచ్చేవారు చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో దొరకవచ్చు. వారు బండిని లిఫ్టుపై ఎక్కించి అడుగు చూడనిదే రూపాయి చెప్పరు.