ఒకే పుస్తకం, రెండు ప్రతులు

నాగలాపురం, కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల తెలుగిళ్ళలో తాతలనాటి పెట్టెలు ఇంకా కొన్ని మిగిలి వున్నవి. వాటిలో భారతమో, శతకమో, పెద్దబాలశిక్షో ఒకే పుస్తకం రెండు ప్రతులు కనబడితే మనం చేసే పని ఒకటే. బాగున్నది ఉంచుకొని, చిరిగినదాన్ని పాతకాగితాలవానికి తూచి ఇచ్చివేస్తాము. “రెండూ ఒకటే గదా, చోటు దండుగ” అంటాము. చదువరులారా, ఆ “ఒకటే” అన్న మాట దగ్గరే కొంచెం ఆగాలి.

తాటాకు గ్రంథాలకు పాఠభేదాలుంటాయని అందరికీ తెలుసు. బ్రౌను దొర 1829లో మద్రాసులో వేమన పద్యాలు అచ్చు వేయించక ముందు వ్రాతప్రతులెన్నో సేకరించి పోల్చి చూశాడు. అచ్చు వచ్చాక ఆ బెడద తీరిందని మన నమ్మకం. తీరలేదు.

చేతి అచ్చుయంత్రాల కాలంలో కాగితం ఖరీదైన వస్తువు. ఒక ఫారం సగం అచ్చయ్యాక తప్పు కంటబడితే, యంత్రం ఆపి అక్షరం మార్చేవారు. అప్పటికే అచ్చయిన కాగితాలను మాత్రం పారవేసేవారు కారు. కుట్టేటప్పుడు అవీ ఇవీ కలిసిపోయేవి. అందుచేత ఒక ప్రతిలో మూడో ఫారం దిద్దినది, ఐదోది దిద్దనిది కావచ్చు. పక్క ప్రతిలో అది తారుమారు కావచ్చు.

1623లో అచ్చయిన షేక్స్‌పియరు నాటకాల సంపుటం ఇటువంటిదే. చార్ల్‌టన్ హిన్మన్ అనే అమెరికా పండితుడు అద్దాలు, దీపాలు అమర్చిన ఒక యంత్రం చేసి, రెండు ప్రతులలోని ఒకే పుట మార్చి మార్చి కనబడేటట్లు చేశాడు. తేడా ఉన్నచోట అక్షరం కదిలినట్లు తోస్తుంది. వాషింగ్టనులోని ఫోల్జరు గ్రంథాలయపు ప్రతులు 55 ఇట్లా పోల్చి, 1963లో తన ఫలితాలు ప్రకటించాడు.

అంత దూరం పోనక్కరలేదు. మన తమిళనాటి తరంగంబాడిలో 1714-15లో తమిళ క్రొత్త నిబంధన అచ్చయింది. జర్మనీనుండి తెచ్చిన అక్షరాలు పెద్దవి కావడంతో కాగితం చాలలేదు. అక్కడే చిన్న అక్షరాలు పోతపోసి తరువాతి భాగం ముగించారు. ఆ కాగితపు కరువుకు పుటలే సాక్ష్యం.

ఇంట్లో మనమూ ఈ పరీక్ష చేయవచ్చు. యంత్రం అక్కరలేదు. ఒకే ఏడు వేసివున్న రెండు ప్రతులను పక్కపక్కన పరచండి. పంక్తులు ఒకే అక్షరంతో ముగుస్తున్నవా? తలకట్టు విరిగిన అక్షరం రెండింటా ఒకేచోట ఉన్నదా? ఉంటే ఒకే కూర్పునుండి అచ్చయినవన్నమాట. పంక్తులు వేరుగా తెగితే, ముఖపత్రం మీద ఏడు ఒకటే అయినా, ఆ పుట మళ్ళీ కూర్చినదే.

దీనికి పాండిత్యం అవసరం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే మన పిల్లలకు తెలుగు లిపి రాకపోవచ్చు. అయినా ఈ ఒత్తు ఇక్కడ ఉంది, అక్కడ లేదని చెప్పగల కన్ను వారికున్నది. తేడాలు వెదకుతూ వెదకుతూ అక్షరమే పట్టుబడుతుంది.

కాబట్టి చిరిగిన ప్రతిని తూకానికి వేయకండి. అంచులు కోయించకండి, జిగురు పూయకండి. రెండింటినీ ఒక గుడ్డలో కట్టి, ఏ ఇంటినుండి వచ్చినవో చీటీ వ్రాసిపెట్టండి. పోల్చి చూడడానికి రెండో ప్రతి ఉండి తీరాలి గదా!