ఓడ కొన్నారు, విడిభాగాల మాట?

2013 జనవరిలో అర్జెంటీనాలోని ప్యూర్టో బెల్గ్రానో రేవులో కట్టేసి ఉన్న ఓ పాత డిస్ట్రాయర్ నీళ్ళు నిండి పక్కకి ఒరిగిపోయింది. యుద్ధం లేదు, తుఫాను లేదు. లోపల ఓ పైపు పగిలిందంతే. పేరు సాంతీసిమా త్రినిదాద్. నిర్లక్ష్యమా, కుట్రా అని అక్కడ పెద్ద గొడవే జరిగింది. నన్నడిగితే అసలు కారణం 1970 నాటి ఒప్పందంలో ఉంది.

ఆ ఏడాది అర్జెంటీనా రెండు టైప్ 42 డిస్ట్రాయర్ల కోసం బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుంది. మొదటిది ఎర్కులెస్, దాన్ని ఇంగ్లండులోని బారోలో కట్టారు. రెండోది త్రినిదాద్, స్వదేశంలోనే, రియో సాంతియాగోలో. కడుతుండగానే 1975లో మోంతోనెరో గెరిల్లాలు దాని కింద బాంబు పేల్చారు. చివరికి 1981లో గానీ నౌకాదళంలో చేరలేదు. ఎక్కడ కడితేనేం, ముఖ్యమైన సరంజామా బ్రిటన్‌దే: సీ డార్ట్ క్షిపణులు, రాడార్లు, రోల్స్ రాయిస్ వాళ్ళ ఒలింపస్, టైన్ టర్బైన్లు. (ఒలింపస్ అంటే కాంకార్డ్ విమానాన్ని ఎగరేసిన ఇంజన్ కుటుంబమే.)

అదే బారోలో బ్రిటన్ తన షెఫీల్డ్‌ని కూడా కట్టుకుంటోంది. 1971లో అందులో పేలుడు జరిగి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. ఓడ పాడైన చోట, ఎర్కులెస్ కోసం తయారవుతున్న భాగాన్ని తెచ్చి అతికించారు! 1982 ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్స్ మీదికి అర్జెంటీనా కమాండోలని మోసుకెళ్ళింది త్రినిదాద్. మే 4న అర్జెంటీనా విమానం వదిలిన ఎక్సోసెట్ తగిలి షెఫీల్డ్ కాలిపోయింది, ఇరవైమంది పోయారు. సీ డార్ట్‌కి దొరక్కుండా కిందుగా ఎలా రావాలో అర్జెంటీనా పైలట్లు అప్పటికే తమ సొంత టైప్ 42ల మీద సాధన చేసి ఉన్నారు.

ఇంటిగుట్టు లంకకు చేటు అని ఇక్కడితో కథ ముగించేస్తుంటారు చాలామంది. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బ్రిటన్ రెండు టైప్ 42లు పోగొట్టుకుంది, నిజమే. కానీ తనకోసం మొత్తం పద్నాలుగు కట్టుకుంది, మరమ్మతులూ తనే చేసుకుంది. అర్జెంటీనాకి మాత్రం యుద్ధంతోనే విడిభాగాలు ఆగిపోయాయి. త్రినిదాద్‌లోంచి ఊడదీసి ఎర్కులెస్‌కి పెట్టుకుంటూ వచ్చారు. ఆ ఎర్కులెస్‌ని కూడా 2000 ప్రాంతంలో చిలీ పంపి, సీ కింగ్ హెలికాప్టర్లు పట్టేలా హ్యాంగర్ పెంచి, సైనికుల్ని మోసే ఓడగా మార్చుకున్నారు.

ఈ ఊడదీత నాకు బాగా పరిచయం. ఒక క్లయింటు దగ్గర అమ్మినవాళ్ళు సపోర్టు ఆపేసిన రెండు పాత సర్వర్లుండేవి. ఒకదాని డిస్కులు పీకి రెండోదానికి పెడుతూ మూడేళ్ళు నెట్టుకొచ్చాం. కొన్నరోజు సంతకం పెట్టినవాళ్ళెవరూ అప్పటికి ఆ కంపెనీలో లేరు. స్వదేశంలో కట్టుకున్నాం అన్న గర్వం త్రినిదాద్‌కీ ఇలాగే అక్కరకు రాలేదు. రేకు వంచడం నేర్చుకున్నారు, టర్బైన్ బ్లేడు చెయ్యడం కాదు. ఒప్పందంలో అడగాల్సింది ఆ రెండోదే.

1978లో అర్జెంటీనా జర్మనీకి మేకో 360 డిస్ట్రాయర్లు ఆర్డరిచ్చింది. వాటిలో ఇంజన్లు? మళ్ళీ ఒలింపస్, టైన్‌లే.