కుక్కను వసతిలో వదిలి ఊరెళుతున్నారా? ముందు దగ్గు టీకా సంగతి చూసుకోండి

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు ఇలా వ్రాశారు:

"డాక్టరు గారూ, మేము వేసవి సెలవుల్లో పదిరోజులు కాశీయాత్రకు వెళ్లాలనుకుంటున్నాము. మా నాలుగేళ్ల పొమెరేనియన్ కుక్కను చూసుకునేవారు లేక, డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునే ఒక వసతిలో వదలాలనుకున్నాము. వారు దగ్గుకు టీకా వేయించిన కాగితం తెమ్మంటున్నారు. మేము ఏటా పిచ్చికుక్క వ్యాధికి ఇంజక్షను వేయిస్తూనే వున్నాము. మళ్ళీ ఈ దగ్గు టీకా ఎందుకు? ఇది డబ్బు గుంజడానికి పెట్టిన పద్ధతి కాదు కదా? ఇంట్లో మా అత్తగారికి ఉబ్బసం వుంది. కుక్క దగ్గు ఆమెకు అంటుతుందా?"

అమ్మా, మీ ప్రశ్న మంచిది. నాది మనుషుల వైద్యం. అయినా ఈ విషయంలో నేను ఒకసారి పొరపాటు చేసి బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి గనుక, ఆ తరువాత పశువైద్య మిత్రుల నడిగి తెలుసుకున్న సంగతులు వ్రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి పెళ్ళికి ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లాము. మా రాజాను ఐదురోజులు ఒక వసతిలో వుంచాము. తిరిగొచ్చిన నాలుగోరోజున వాడు పొడిదగ్గు మొదలుపెట్టాడు. దగ్గి దగ్గి చివరకు ఓకరించి కాస్త తెల్లనురగ కక్కేవాడు. గొంతులో ఎముక అడ్డం పడిందని మా ఇంటావిడ అన్నం ముద్దలు మింగించింది. నేను, రోజుకు వందమంది దగ్గులు చూసేవాణ్ణి కదా అన్న ధీమాతో, ఇంట్లో వున్న దగ్గుమందు రెండు చెంచాలు పోశాను. వాడు హుషారుగా తిని తిరుగుతున్నాడు గనుక కట్టివెయ్యాలన్న ఆలోచనే రాలేదు. పక్కింటి అబ్బాయి తన రెండున్నర నెలల కుక్కపిల్లను రోజూ సాయంత్రం మా వాకిట్లోకి తెచ్చి రాజాతో ఆడించేవాడు. మా రాజా రెండు వారాల్లో కోలుకున్నాడు. ఆ పిల్లకు దగ్గు న్యుమోనియాలోకి దిగింది. పశువుల ఆసుపత్రిలో ఎంత చేసినా దక్కలేదు. ఆ అబ్బాయి నన్నొక్క మాటే అడిగాడు: "డాక్టరు గారూ, రాజా దగ్గుతున్నాడని మీకు ముందే తెలుసు కదండీ?" నా దగ్గర జవాబు లేకపోయింది.

ఏమిటీ దగ్గు?

దీన్ని కెన్నెల్ దగ్గు అంటారు. కెన్నెల్ అంటే కుక్కలను గుంపుగా వుంచే చోటు. ఇది ఒకే క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా, ఎడినోవైరస్ రెండో రకం వంటి వైరస్‌లు ఒక్కొక్కటిగా గానీ రెండు మూడు కలిసి గానీ దీనిని తెస్తాయి. మన పిల్లలకు వచ్చే కోరింత దగ్గు క్రిమికి బోర్డెటెల్లా దగ్గరి చుట్టం. కోరింత దగ్గు క్రిమిని 1906లో వేరుచేసిన జూల్స్ బోర్డె పేరే ఈ క్రిముల కుటుంబానికి పెట్టారు. అయితే కోరింత దగ్గు మనుషుల జబ్బు, ఇది ముఖ్యంగా కుక్కల జబ్బు. మన పిల్లలకు వేసే టీకా కుక్కకు పనికిరాదు.

ఊపిరి గొట్టం లోపలి గోడలమీద కంటికి కనిపించనంత సన్నని నూగు వుంటుంది. అది చీపురులా కదులుతూ దుమ్మునూ కఫాన్నీ పైకి నెట్టేస్తూ వుంటుంది. బోర్డెటెల్లా సరిగ్గా ఆ నూగునే పట్టుకుని దానిని పనిచేయనివ్వదు. ఊడ్చేవాడు పడకేస్తే ఇల్లు ఎలా వుంటుందో, ఊపిరి గొట్టమూ అలా అవుతుంది. అంచేత ఇతర క్రిములు కూడా సులువుగా లోపలికి దిగుతాయి.

దగ్గిన తుంపరల ద్వారా, ఒకే గిన్నెలో నీళ్లు తాగడం ద్వారా, పనివారి చేతుల ద్వారా, బట్టల ద్వారా ఇది పాకుతుంది. మూసిన గదుల్లో పది కుక్కలుంటే ఒక్కటి దగ్గినా చాలు. అంటిన తరువాత దగ్గు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే వదిలినప్పుడూ తెచ్చుకున్నప్పుడూ బాగానే వున్న కుక్క, ఇంటికొచ్చాక దగ్గుతుంది. దగ్గు తగ్గిన తరువాత కూడా కొన్ని వారాల పాటు దాని నుంచి క్రిములు వెలువడవచ్చు.

వేయించిన టీకాలు చాలవా?

పిచ్చికుక్క వ్యాధి టీకా ఆ ఒక్క వ్యాధికే. అది మానరాదు. ఆ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక కుక్కా బ్రతకదు, కరిపించుకున్న మనిషికీ దాదాపు ఆశ వుండదు. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించవలసిందే.

కుక్కపిల్లలకు వేసే ఏడు, తొమ్మిది జబ్బుల కలివిడి టీకాలో డిస్టెంపర్, పార్వో లతో పాటు పైన చెప్పిన వైరస్‌లకు కూడా రక్షణ వుంటుంది. కాని బోర్డెటెల్లాకు మామూలుగా అందులో రక్షణ వుండదు. దానికి వేరే టీకా కావాలి. అంచేత మీ వసతివారు కాగితం అడగడం మోసం కాదమ్మా. అడగనివారినే అనుమానించాలి.

ఈ టీకాలో ముక్కులో చుక్కలుగా వేసేది ఒకటి, ఇంజక్షనుగా ఇచ్చేది ఒకటి. ముక్కు టీకా ఒక్కసారి వేస్తే చాలు. బోర్డెటెల్లా నుంచి సుమారు మూడు రోజుల్లోనే రక్షణ మొదలవుతుంది. అందులో కలిపి వుండే పారాఇన్‌ఫ్లుయెంజా నుంచి రక్షణకు మూడు వారాలు పట్టవచ్చు. ఇంజక్షను రకమైతే, మొదటిసారి 2 నుంచి 4 వారాల ఎడంతో రెండుసార్లు వేయించాలి. రెండవది వేసిన వారానికి గాని పూర్తి బలం రాదు. ముక్కులో వేసే సజీవ టీకాను పొరపాటున కూడా చర్మం కింద పొడవకూడదు. పెద్ద హాని జరుగుతుంది. కాబట్టి మందుల షాపులో కొని ఇంట్లో మీరే వేసే ప్రయత్నం చెయ్యవద్దు.

టీకా వేయించినా దగ్గు అసలు రాదని కాదు. ఈ జబ్బు తెచ్చే క్రిములు అనేకం. గొడుగు వేసుకున్నా పాదాలు తడవవచ్చు, కాని తల తడవదు. టీకా వేసిన కుక్కకు వచ్చినా స్వల్పంగా వస్తుంది. ముక్కు టీకా తరువాత కొద్దిరోజులు తుమ్ములు, కాస్త దగ్గు కనిపించవచ్చు. దానికి కంగారు పడనక్కరలేదు.

దగ్గు వస్తే ఏం చెయ్యాలి?

హుషారుగా తింటూ, జ్వరం లేకుండా వుంటే చాలా కుక్కలు ఒకటి నుంచి మూడు వారాల్లో వాటంతట అవే కోలుకుంటాయి. ప్రతి దగ్గుకూ యాంటీబయోటిక్ అక్కరలేదు. అవసరమో కాదో పశువైద్యులు నిర్ణయించాలి. మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే పట్టీ కట్టండి. మెడ నొక్కుకుంటే దగ్గు ఎక్కువవుతుంది. సాంబ్రాణి పొగ, దోమల చక్రాలు, సిగరెట్టు పొగ దగ్గరకు రానివ్వకండి. దగ్గు పూర్తిగా తగ్గి రెండు వారాలు గడిచేదాకా ఇతర కుక్కలతో కలవనివ్వకండి. ముఖ్యంగా చిన్నపిల్లల దగ్గరకు పోనివ్వకండి.

నేను చేసినట్టు మీరు చెయ్యకండి. మనుషుల దగ్గుమందులు, జ్వరం మాత్రలు కుక్కకు ఇవ్వరాదు. పారసిటమాల్, ఐబుప్రొఫెన్ వాటికి హాని చేస్తాయి. చక్కెర లేని కొన్ని మందుల్లో తీపికి కలిపే జైలిటాల్ ప్రాణం మీదికి తెస్తుంది.

తిండి మానేసినా, ముక్కునుంచి పసుపుపచ్చ చీమిడి కారినా, జ్వరం 103 డిగ్రీలు దాటినా (కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడి), నిద్రలో కూడా నిమిషానికి నలభైసార్లకు మించి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు నీలంగా మారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కుక్కపిల్ల, ముసలి కుక్క, పగ్ వంటి చట్టిముక్కు జాతి అయితే ఈ లక్షణాల కోసం ఎదురుచూడరాదు. దగ్గు మొదలవగానే చూపించాలి.

మీ పొమెరేనియన్‌కు మరొక సంగతి. ఈ జాతిలో ఊపిరి గొట్టం మెత్తబడి కుంచించుకుపోయే జబ్బు వుంది. అందులోనూ బాతు అరచినట్లు దగ్గు వస్తుంది. నెలల తరబడి దగ్గుతూ వుంటే అది వసతిలో అంటిన దగ్గు కాకపోవచ్చు. గుండెజబ్బులోనూ దగ్గు వుంటుంది. పరీక్ష చేయించండి.

మీ అత్తగారి సంగతి

ఆరోగ్యంగా వున్నవారికి బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అంటడం చాలా అరుదు. ఉబ్బసానికి మామూలుగా పీల్చే మందులు వాడేవారికి పెద్ద భయం లేదు. అయితే అవయవ మార్పిడి జరిగినవారు, కాన్సరు మందులు వాడుతున్నవారు, ఎక్కువ మోతాదులో చాలాకాలంగా స్టిరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు దగ్గే కుక్కకు దూరంగా వుండాలి. కుక్కకు ముక్కులో టీకా వేసేటప్పుడు కూడా వారు దగ్గర వుండరాదు. మీ అత్తగారు ఏం మందులు వాడుతున్నారో ఆమెను చూసే డాక్టరుకు చెప్పి అడగండి. కుక్క బొచ్చు దగ్గర ఆయాసం పెరుగుతున్నదా అన్నది వేరే ప్రశ్న. అదీ గమనించండి.

చివరిగా, ప్రయాణానికి టికెట్లు తీసుకున్న రోజునే పశువైద్యులకు ఫోను చెయ్యండి. ఈ టీకా అన్నిచోట్లా నిలవ వుండదు. ముక్కు టీకా అయితే కనీసం వారం ముందు, వీలైతే మూడు వారాల ముందు వేయించండి. ఇంజక్షను అయితే ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. వసతిని ఒకసారి కళ్ళారా చూడండి. గాలి ఆడుతున్నదా, ప్రతి కుక్కకూ గిన్నె విడిగా వున్నదా, దగ్గే కుక్కను వేరే గదిలో పెడతారా, రాత్రివేళ డాక్టరును పిలవగలరా అని అడగండి. ఇంటికి తెచ్చుకున్నాక రెండు వారాలు దాన్ని పక్కింటి కుక్కలకు దూరంగా వుంచండి.

మీ యాత్ర క్షేమంగా సాగాలని కోరుకుంటున్నాను.