తీరని లోటు

గత సంచికలో అమెరికన్ సిట్‌కామ్‌ల మీద వ్యాసం వేసినందుకు, ఈ మధ్య ఒక సంస్మరణ సభలో వేదిక మీద నుంచే మాకు చీవాట్లు పడ్డాయి. రికార్డు నవ్వుల సీరియళ్లకి సాహిత్య పత్రికలో చోటా అని. అన్నది పెద్దాయన, పేరెందుకు. తలొంచుకుని విన్నాం. పోయినాయన గురించి ఏం చెబుతారా అని ఆ తర్వాతా విన్నాం. స్వర్గీయులు ఈయన తొలి పుస్తకానికి రాసిన ముందుమాట, ఈయనకొచ్చిన పురస్కారం, రాని పురస్కారం, చివర్న 'తీరని లోటు'.

లోటంటే ఏమిటో 'చీర్స్' సిట్‌కామ్ వాళ్లని అడగాలి. (అందులో నవ్వులు చాలామటుకు ఎదుట కూచున్న జనానివే లెండి.) బోస్టన్‌లో ఒక బారు, రోజూ వచ్చే నలుగురూ. కౌంటర్ వెనక మతిమరుపు పెద్దాయన, కోచ్. ఆ వేషం వేసిన నికొలస్ కొలసాంటో 1985 ఫిబ్రవరిలో పోయాడు. ఇంకో నటుణ్ణి తెచ్చి కోచ్ అనలేదు. కోచ్ పోయాడనే చెప్పి, వుడీ అనే పల్లెటూరి కుర్రాణ్ణి దింపారు. వాడు కోచ్‌ని వెతుక్కుంటూ వస్తాడు. ఇద్దరూ కలం స్నేహితులట, ఉత్తరాలు కాదు, కలాలే పంపుకునేవారట! నవ్వుతాం, ఆ నవ్వులో కోచ్ ఉంటాడు. కొలసాంటో తన గదిలో పెట్టుకున్న జెరోనిమో పటాన్ని సెట్టు గోడకి తగిలించారు. 1993లో ఆఖరి ఎపిసోడ్ ఆఖర్న, బారు కట్టేసే ముందు యజమాని శామ్ ఆ పటం దగ్గరికెళ్లి కాస్త సరిచేస్తాడు. మాటల్లేవు.

'ఫ్రెండ్స్' వాళ్లదీ అదే బడి, లేని మనిషిని కథలోనే లేదని చెబుతారు. 1998లో రాస్ పెళ్లికి అందరూ లండన్ వెళితే, తమ్ముడి బిడ్డల్ని ముగ్గుర్ని మోస్తున్న ఫీబీ న్యూయార్క్‌లో ఉండిపోయింది. లండన్ హోటల్లో జోయికి ఇంటిబెంగ. టీవీ పెడితే వచ్చింది చీర్సే!

మరి మనం? 2001లో మొదలైన 'అమృతం' సీరియల్లో అమృతం వేషం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ చేతులు మారింది, అతని స్నేహితుడు ఆంజనేయులు మాత్రం గుండు హనుమంతరావే. ఆయన 2018లో పోయారు. 2020లో 'అమృతం ద్వితీయం' తీసి ఆ పేరు ఎల్బీ శ్రీరామ్‌కి అప్పజెప్పారు. శ్రీరామ్ గొప్ప నటుడే, వ్యాపారానికి దాని లెక్కలూ ఉంటాయి. కానీ ఆంజనేయులు లేని అమృతం ఏమైపోతాడో రాయడానికి మనకి చేతకాలేదా? రాయాలనిపించలేదు, అంతే. ఖాళీ కనిపిస్తే భర్తీ చేసెయ్యాలి మనకి. అకాడమీ కుర్చీ అయినా, సంఘం అధ్యక్ష పదవి అయినా, పెద్దకర్మ కాకముందే మూడు పేర్లు తిరుగుతుంటాయి. ఆ తొందర ఉన్నవాళ్లు మాకు సాహిత్య విలువలు నేర్పుతారు!

ఆ రోజు సభలో స్వర్గీయుల ఫొటో, దండ బరువుకి ఓ పక్కకి ఒరిగింది. వందన సమర్పణ దాకా అలాగే ఉంది. మేం మూడో వరసలోనే ఉన్నాం. మేమూ లేవలేదు.