ఊహాచిత్ర మసత్యమా?

కన్నదానిని కన్నట్లు గీయుటయే బాలురకు జాలునని కొందరు పెద్దల మతము. లేని మేడలను, కూలని గోడల శిథిలములను గీయుట కాలహరణమనియు, ఒక విధమున నసత్యమనియు వారందురు. ఇటలీ దేశపు చిత్రకారుడు పిరనేసీ కృషిని బరిశీలించిన యెడల నీ మతము సరికాదని తోచకమానదు.

జొవాన్ని బత్తిస్తా పిరనేసీ 1720వ సంవత్సరమున వెనిసు నగర ప్రాంతమున నొక రాతిపనివాని యింట జన్మించెను. వాస్తువిద్య నభ్యసించి 1740లో రోము నగరము జేరెను. ప్రాచీనుల వలె మహాసౌధములు గట్టించు ప్రభువులు నాడు కరవైరి. కావున నతడు తన మనస్సునందలి మేడలను, శిథిలములను రాగిరేకులపై నిర్మించి 1743లో బ్రకటించెను.

ఈ పని సులభమైనది కాదు. రేకునకు మైనపుపూత బూసి సూదితో గీతలు గీయవలయును. పూత తొలగినచోట నామ్లము రాగిని దినును. ఎంతసేపు దినిన నంత లోతు; ఎంత లోతో యంత నలుపు. పిమ్మట గీతలలో సిరా నింపి, తడికాగితము నదిమి యచ్చు దీయుదురు.

1750 ప్రాంతమున వెలువడిన యతని యూహాకారాగృహముల చిత్రములు 14. 1761లో నా రేకులనే మరల జెక్కి, నీడలను ముదురుజేసి, మరి రెండు చిత్రములను జేర్చెను. వానియందు మెట్లపై మెట్లు, వంతెనలపై వంతెనలు, గిలకలు, త్రాళ్లు గలవు. దారి యెచటికి బోవునో తెలియదు. మనుష్యులు చీమలవలె గనబడుదురు.

ఇట్టి స్వప్నములు గన్నవాడు సోమరియా? అతడే రోములోని పాతగోడలను గొలిచి, పునాదుల యమరికను, రాళ్ల కూర్పును 1756లో నాలుగు సంపుటములుగ బ్రకటించెను. కాలముచేతను, రాళ్ల నమ్ముకొను యజమానుల లోభముచేతను ఆ శిథిలములు దినదినము క్షీణించుచున్నవని యందు వాపోయెను. కూలిన కమానును జూచి పూర్ణమైన కమాను నూహింపలేనివాడు మిగిలిన రాళ్ల విలువ నెట్లు గుర్తించును?

ఒక యాక్షేపణ గలదు. రోము దృశ్యములలో నతడు కట్టడములను మిక్కిలి ఘనముగ జూపెను. జర్మను కవి గేటే స్వయముగ నచటి స్నానశాలల శిథిలములను జూచినపుడు, ఆ చిత్రములు గలిగించిన యాశ తీరలేదని వ్రాసెను. ఈ యాక్షేపణ న్యాయమైనదే. ఉన్నదానిని జూపుచున్నానని చెప్పి హెచ్చించుట తప్పు. కాని కారాగృహములకు ముఖపత్రముననే యవి తన కల్పనలని యతడు పేరిడెను. తన పేరు తాను జెప్పుకొనిన యూహ యెవరిని మోసగింపదు.

కావున దల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును మనవి యేమన, చిత్రలేఖనపు గంటను బరీక్షల పేర హరింపకుడు. ఒకనాడు బాలునిచేత బడి గోడను గొలబద్దతో గొలిపించి గీయింపుడు. మరునాడు లోకమున లేని మేడను గీయింపుడు. మొదటిదాని క్రింద “చూచినది” అనియు, రెండవదాని క్రింద “ఊహించినది” అనియు వానిచేతనే వ్రాయింపుడు. ఆ రెండు మాటల భేద మెరిగిన బాలునకు నూహవలన హాని లేదు.